పెద్ద ఎస్‌యూవీకి రీసేల్ రేటు ఎందుకు పడిపోతుంది? బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం మొదలుకొని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ మీదుగా జయపురం దాకా మన తెలుగు కుటుంబాల్లో పెద్ద బండి మీద మోజు బాగా పెరిగింది. కాంట్రాక్టు పనులవాళ్లు, క్వారీలవాళ్లు, రైస్‌మిల్లులవాళ్లు, ఇప్పుడు ఉద్యోగస్తులు కూడా కొంటున్నారు. మూడు నాలుగేళ్లకు అమ్మబోయినప్పుడు బ్రోకర్ చెప్పే రేటు విని టెన్షన్ పడుతున్నారు. అందరి సందేహాలూ ఇంచుమించు అవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## రేటు అసలెందుకు పడుతుంది

40 లక్షల బండికి మూడేళ్లలో సగం రేటు చెబుతున్నారు. మోసం చేస్తున్నారా?

ముందు మీరు ఏ 40 లక్షల గురించి మాట్లాడుతున్నారో చూసుకోండి. చాలామంది ఆన్‌రోడ్ ధరనే బండి ధర అనుకుంటారు. అందులో లైఫ్ ట్యాక్స్, మొదటి ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, షోరూమ్‌వాళ్లు అంటగట్టిన యాక్సెసరీలు కలిసి ఉంటాయి. ఇవేవీ రెండో కొనుగోలుదారు లెక్కలోకి రావు. ఆయన ఎక్స్‌షోరూమ్ ధర నుంచే బేరం మొదలుపెడతాడు. అది కూడా ఇవాళ్టి ఎక్స్‌షోరూమ్ ధర, మీరు కొన్ననాటిది కాదు.

ఆ మిగిలిన మొత్తం మీద వయసు తరుగు పడుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీలు బండి విలువ కట్టే పట్టిక చూస్తే కొంత అంచనా వస్తుంది: 6 నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, అయిదేళ్ల లోపు 50 శాతం తరుగు. అది ఇన్సూరెన్స్ కోసం పెట్టిన లెక్కే, మార్కెట్ దాని ప్రకారం నడవదు. గిరాకీ ఉన్న బండికి అంతకంటే మంచి రేటు వస్తుంది, లేని బండికి ఇంకా తక్కువ వస్తుంది. ఆన్‌రోడ్ ధరతో పోల్చుకుంటే మూడేళ్లకు సగం అన్నది చాలా మోడళ్లకు అసాధ్యమేమీ కాదు. అయినా ఒక్క బ్రోకర్ మాట మీద ఇచ్చేయకండి, కనీసం ముగ్గురి దగ్గర అడగండి.

చిన్న కార్లకీ తరుగు ఉంటుంది కదా, పెద్ద బండికే ఇంత దెబ్బ ఎందుకు?

కొనేవాళ్లు తక్కువ. అసలు కారణం అదే.

సెకండ్ హ్యాండ్‌లో 5 లక్షల చిన్న కారు కావాలనే మాస్టారు, బ్యాంకు ఉద్యోగి, కిరాణా షాపు యజమాని ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. 20 లక్షలు పెట్టి పాత బండి కొనే మనిషి గుణుపూర్‌లాంటి ఊళ్లో ఎంతమంది ఉంటారు? ఆ డబ్బు చేతిలో ఉన్నవాడికి షోరూమ్‌లో మధ్యస్థాయి ఎస్‌యూవీ కొత్తదే వస్తుంది, వారంటీతో సహా. పైగా పాత బండి లోన్‌కి వడ్డీ ఎక్కువ, ఇచ్చే గడువు తక్కువ.

రెండోది నడిపే ఖర్చు. మీ బండి రేటు సగానికి పడినా దాని టైర్ల ధర, బ్రేక్ ప్యాడ్ల ధర, సర్వీస్ బిల్లు సగానికి పడవు. అవి 40 లక్షల బండి ఖర్చులుగానే ఉంటాయి. 15 లక్షలకు కొన్నవాడు 40 లక్షల బండిని మేపాలి. ఆ సంగతి తెలిసినవాడు ముందే రేటు తగ్గించి అడుగుతాడు. నా దృష్టిలో రీసేల్ అంటే ఇదే: రెండో యజమాని ఆ బండిని నెలనెలా భరించగలడా లేదా అన్న లెక్క.

టయోటా ఫార్చ్యూనర్‌కి రేటు నిలుస్తుంది. అదే సైజులో వేరే కంపెనీ బండికి ఎందుకు నిలవదు?

ఫార్చ్యూనర్ మన దేశంలోకి 2009లో వచ్చింది. అప్పటి నుంచి ఆగకుండా అమ్ముడవుతోంది. ఆ ఇంజిన్ తెలిసిన మెకానిక్‌లు జిల్లా కేంద్రాల్లో ఉన్నారు, పాత స్పేర్లు దొరుకుతాయి, రాజకీయ నాయకులూ కాంట్రాక్టర్లూ అడిగి మరీ కొంటారు. ఇన్నోవా క్రిస్టాకీ, బొలెరోకీ గిరాకీ తగ్గకపోవడానికి ఇవే కారణాలు.

ఇక రెండో వైపు చూడండి. షెవర్లే 2017 ఆఖరుకి మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. ఆ కంపెనీ ఎండీవర్ మంచి బండి, ఇప్పటికీ దాన్ని ప్రేమించేవాళ్లు ఉన్నారు, కంపెనీ సర్వీసు కూడా కొనసాగిస్తామంది. అయినా కొనేవాడి మనసులో ‘రేపు స్పేర్లు దొరుకుతాయా’ అన్న భయం చేరితే రేటు దిగిపోతుంది. మహీంద్రా ఆల్టురస్ జీ4 2018లో వచ్చి 2022కల్లా వెళ్లిపోయింది. టాటా హెక్సా 2017 నుంచి 2020 దాకానే ఉంది. కంపెనీలు బతికే ఉన్నాయి, మోడల్ మాత్రం ఆగిపోయింది. అలాంటి బండికి ఒక బంపరో హెడ్‌లైటో కావాలంటే వెతుక్కోవాలి.

మన వైపు దీనికి దూరం కూడా తోడవుతుంది. పర్లాకిమిడి, రాయగడ వాళ్లు పెద్ద రిపేరు వస్తే విశాఖకో భువనేశ్వర్‌కో బండి పట్టుకెళ్లాలి. అమ్మకాలు తక్కువున్న మోడల్‌కి రీసేల్ హైదరాబాద్‌లో కొంత ఉన్నా, ఇక్కడ మరీ తక్కువ ఉండేది అందుకే.

2025 సెప్టెంబరు జీఎస్టీ మార్పు తర్వాత నా పాత బండి రేటు ఒక్కసారిగా తగ్గిందంటున్నారు. దానికీ దీనికీ ఏం సంబంధం?

సంబంధం ఉంది. అంతకుముందు 4 మీటర్లకు మించిన పొడవు, 1500 సీసీకి పైన ఇంజిన్, 170 మిల్లీమీటర్లు లేక అంతకంటే ఎక్కువ గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు) ఉన్న ఎస్‌యూవీ మీద 28 శాతం జీఎస్టీ, 22 శాతం సెస్, మొత్తం 50 శాతం పన్ను ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్ పోయి మొత్తం 40 శాతం అయింది.

పాత పన్నుతో 40 లక్షల ఎక్స్‌షోరూమ్ ఉన్న బండిలో అసలు ధర సుమారు 26.67 లక్షలు. దాని మీద 40 శాతం వేస్తే 37.33 లక్షలు. తగ్గింపు అంతా కస్టమర్‌కి ఇస్తే కొత్త బండి దాదాపు 2.67 లక్షలు చవకైనట్టు. కొత్తదే తగ్గితే పాతది కూడా దిగాల్సిందే. మీ బండిలో లోపం ఏమీ లేదు, పాత పన్ను కట్టి కొన్నారంతే. ఈ నష్టం ఆ తేదీకి ముందు కొన్న అందరికీ పడింది.

## కొనే ముందు

పెట్రోలు తీసుకోవాలా, డీజిలా? డీజిల్ ఆపేస్తారంటున్నారు.

పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోలు నిబంధన ఢిల్లీ, ఆ చుట్టుపక్కల ఎన్‌సీఆర్ ప్రాంతానిది. జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) 2015లో ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది, 2025లో దాని అమలును కొంత సడలించింది. అది ఒడిశాకు వర్తించదు. ఇక్కడ సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి అయిదేళ్లకోసారి రెన్యువల్. ఢిల్లీ వార్త విని ఇక్కడి డీజిల్ బండిని తక్కువకి వదులుకోవద్దు.

మన రోడ్ల లెక్కలో ఆలోచిస్తే, విజయనగరం నుంచి సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ వెళ్లేవాళ్లకి, నెలకు 1500 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి డీజిలే నయం, అమ్మేటప్పుడు అడిగేదీ అదే. పెద్ద పెట్రోల్ ఆటోమేటిక్‌కి మైలేజీ తక్కువ కాబట్టి ఇక్కడ రీసేల్ బాగా దెబ్బతింటుంది. కానీ మీ తిరుగుడంతా బరంపురం ఊళ్లోనే, రోజుకు అయిదారు కిలోమీటర్లే అయితే 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ మీకు తలనొప్పి. సైలెన్సర్ దగ్గర మసి పట్టే ఫిల్టరు, డీపీఎఫ్, చిన్న చిన్న ప్రయాణాలకి శుభ్రపడదు.

టాప్ మోడల్ కొంటే అమ్మేటప్పుడు ఎక్కువ వస్తుందా?

కొంచెం ఎక్కువ వస్తుంది, మీరు పెట్టిన తేడా మాత్రం రాదు. కొత్తలో టాప్ మోడల్‌కి 5 లక్షలు ఎక్కువ పెడితే నాలుగేళ్ల తర్వాత ఆ తేడాకి కొనేవాడు ఇచ్చేది చిన్న భాగమే. పెద్ద తెర, కెమెరాలు, సన్‌రూఫ్ తొందరగా పాతబడిపోతాయి, చెడితే ఖర్చూ ఎక్కువే. మన వైపు సాధారణంగా మధ్య వేరియంట్, తెలుపు రంగు, ఏడు సీట్లు తొందరగా అమ్ముడవుతాయి. ఎర్ర రంగు మీకు ఇష్టమైతే కొనుక్కోండి, ఇష్టానికీ విలువ ఉంది. తర్వాత అమ్మకం కాస్త ఆలస్యమవుతుందని మాత్రం తెలిసి కొనండి.

మా అత్తగారిది పాతపట్నం. ఆ అడ్రసు మీద ఆంధ్రా నంబరు వేయించుకుని పర్లాకిమిడిలో వాడుకోవచ్చా?

వద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 40 ప్రకారం మీ నివాసమో వ్యాపారమో ఉండి, బండి మామూలుగా ఎక్కడ ఉంటుందో ఆ రాష్ట్రంలోనే రిజిస్టర్ చేయాలి. సెక్షన్ 47 ప్రకారం వేరే రాష్ట్రం నంబరు బండి 12 నెలలకు మించి ఇక్కడ ఉంటే కొత్త నంబరు తీసుకోవాలి. రెండు ఊళ్లూ ఆనుకుని ఉన్నా చట్టానికి అవి రెండు రాష్ట్రాలు.

సరిహద్దులో చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. గజపతి జిల్లాలో కొనేవాడు ఓడీ-20 నంబరు అడుగుతాడు, రాయగడలో ఓడీ-18, గంజాంలో ఓడీ-07. ఏపీ నంబరు అనగానే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), మళ్లీ లైఫ్ ట్యాక్స్, ఆర్‌టీవో ఆఫీసు చుట్టూ తిరగడం గుర్తొచ్చి అదంతా మీ రేటులోనే కోస్తాడు. బండి ఎంత ఖరీదైతే ఆ కోత అంత పెద్దది.

నాకు బీహెచ్ (భారత్ సిరీస్) నంబరు వస్తుంది. రీసేల్‌కి మంచిదేనా?

2021 సెప్టెంబరు నుంచి వచ్చిన ఈ సిరీస్ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, రక్షణ శాఖవాళ్లకు, ప్రభుత్వ రంగ సంస్థలవాళ్లకు, నాలుగు లేక అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు ఇస్తారు. దామన్‌జోడి నాల్కోలోనో రైల్వేలోనో పనిచేస్తూ బదిలీలుంటే మీకు సుఖమే. మీ దగ్గర కొనేవాడికి ఆ అర్హత లేకపోతే మాత్రం మామూలు నంబరుకు మార్పించి రాష్ట్ర పన్ను కట్టుకోవాలి, ఆ మొత్తం బేరంలో తగ్గిస్తాడు.

ఏడేళ్ల లోన్ తీసుకుంటే ఈఎంఐ తేలిగ్గా ఉంటుంది కదా?

నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే ప్రశ్న ఇది. ఎందుకంటే ఇందులో ఇరుక్కున్నవాళ్లకి బయటపడే దారి ఉండదు.

30 లక్షల లోన్, 9 శాతం వడ్డీ, ఏడేళ్లు అనుకుందాం. నెలకు సుమారు 48,270 రూపాయలు. మూడేళ్లలో మీరు 17 లక్షల పైచిలుకు కట్టేసి ఉంటారు. అయినా బ్యాంకుకి ఇంకా 19.4 లక్షల దాకా బాకీ ఉంటుంది. ఆ మూడేళ్లలో కట్టినదాంట్లో సుమారు 39 శాతం వడ్డీకే పోతుంది, బండి విలువేమో ఆ ఏళ్లలోనే ఎక్కువగా పడుతుంది. గిరాకీ లేని మోడల్ అయితే అమ్మిన డబ్బు బాకీకి కూడా చాలదు. కాంట్రాక్టు బిల్లులు ఆగిపోయి ఈఎంఐ కట్టలేని పరిస్థితి వస్తే, బండి అమ్మి, పైన చేతి డబ్బు వేసి బ్యాంకుకి కట్టాల్సి వస్తుంది. అయిదేళ్లలో తీర్చలేని బండి జోలికి పోవద్దని నా సలహా.

## వాడుతున్నప్పుడు

రేటు నిలబెట్టుకోవడానికి ఇప్పటి నుంచి ఏం చేయాలి?

సర్వీసు బిల్లులన్నీ ఫైల్లో పెట్టుకోండి. ఎంత నమ్మకమైన మెకానిక్ దగ్గర చేయించినా బిల్లు లేకపోతే కొనేవాడికి అది సర్వీసు కిందికి రాదు.

గోపాల్‌పూర్, ఛత్రపురం, సోంపేట తీరం వైపు ఉన్నవాళ్లకి ఉప్పుగాలి పెద్ద శత్రువు. కింది ఛాసిస్, సైలెన్సర్ పైపు, డోర్ల అడుగు అంచులు తుప్పు పడతాయి. వారానికోసారి మామూలు నీళ్లతో బండి కింది భాగం కడిగిస్తే చాలావరకు కాపాడుకోవచ్చు. సముద్రపు ఒడ్డున ఇసుకలో బండి దింపకండి.

ఘాట్ రోడ్ల వాళ్లు దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడకుండా తక్కువ గేరులో దిగడం అలవాటు చేసుకోవాలి. పెద్ద బండి బరువు ఎక్కువ కాబట్టి డిస్కులు తొందరగా అరుగుతాయి. అమ్మేటప్పుడు వాటిని మార్పించమని అడుగుతారు.

డీపీఎఫ్ లైటు వెలిగింది. మెకానిక్ ఆ ఫిల్టరు తీసేయిద్దాం అంటున్నాడు.

తీసేయొద్దు. అది పొగ నియంత్రణకు పెట్టిన భాగం, తీస్తే వారంటీ పోతుంది, బండి నిబంధనలకు విరుద్ధమవుతుంది, తెలిసినవాడు కొననే కొనడు. చాలాసార్లు జాతీయ రహదారి 16 మీద ఇచ్ఛాపురం వైపో ఛత్రపురం వైపో ఒక 20 నిమిషాలు ఆగకుండా ఒకే వేగంతో నడిపితే మసి కాలిపోయి లైటు ఆరిపోతుంది. మీ బండి పుస్తకంలో ఎంత వేగం, ఎంతసేపు అని రాసి ఉంటుంది. ఆరకపోతే సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్లండి, లైటు వెలుగుతుండగా వారాల తరబడి తిప్పకండి.

బుల్‌బార్, నల్ల ఫిల్మ్, పెద్ద టైర్లు వేయిస్తే విలువ పెరుగుతుందా?

పెరగదు. అద్దాల మీద ఫిల్మ్‌ని సుప్రీంకోర్టు 2012లో నిషేధించింది. బుల్‌బార్ల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు చెప్పింది. పెద్ద టైర్లు చూసినవాడు బండిని మొరటుగా వాడారనుకుంటాడు. కంపెనీ చక్రాలు అటక మీద భద్రంగా ఉంచుకోండి.

## అమ్మేటప్పుడు

ఎప్పుడు అమ్మితే తక్కువ నష్టం?

కంపెనీ వారంటీ ఇంకా కొన్ని నెలలు మిగిలి ఉండగా. వారంటీ మిగిలుంటే కొనేవాడికి ధైర్యం ఉంటుంది. మీ మోడల్‌కి కొత్త రూపం వస్తోందని వార్తలు మొదలైతే ఆలస్యం చేయకండి, అది షోరూమ్‌లోకి వచ్చిన రోజే మీది పాత మోడల్ అయిపోతుంది. దసరా, దీపావళి డిస్కౌంట్లప్పుడు కొత్త బండి మీదే లక్షల్లో తగ్గిస్తారు, అప్పుడు పాతది అమ్మడం కష్టం.

బండి రాయగడలో ఉంది, కొనేవాడు విజయనగరంలో ఉన్నాడు. ఏ కాగితాలు కావాలి?

ముందు లోన్ క్లోజ్ చేసి బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్‌సీలోంచి హైపోథెకేషన్ (బండి మీద బ్యాంకు లోన్ ఉందన్న నమోదు) తీయించండి. పెండింగ్ చలాన్లు కట్టేయండి. ఫారం 28తో మీ ఆర్‌టీవో దగ్గర రాష్ట్రం మారే ఎన్‌ఓసీ అడగాలి. 30 రోజుల్లో ఇవ్వాలి, లేదా కారణం చెప్పి తిరస్కరించాలి. పేరు మార్పుకి ఫారం 29, 30 కావాలి. బండి అక్కడికి చేరాక కొత్త నంబరుకి ఫారం 27.

కొన్నవాడు అక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కడతాడు. మీరు ఇక్కడ కట్టినదాంట్లో మిగిలిన కాలానికి వాపసు కోసం విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి, దానంతట అది రాదు. ఆ దరఖాస్తు ఎవరు పెట్టాలి, డబ్బు ఎవరికి అన్నది బేరంలోనే తేల్చుకుని కాగితం మీద రాసుకోండి. ఎన్‌ఓసీ చేతికి రాకముందే బండి, ఒరిజినల్ ఆర్‌సీ ఇచ్చేయకండి.

బండి అమ్మి ఏడాదైంది, ఆర్‌సీ ఇంకా నా పేరు మీదే ఉంది. పర్వాలేదా?

చాలా ప్రమాదం. రికార్డుల్లో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వాళ్లదే బాధ్యత అని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో స్పష్టంగా చెప్పింది. అమ్మిన కాగితం మీ దగ్గరుంది అన్నది సరిపోదు. రెండున్నర టన్నుల బండి ఎవరినైనా గుద్దితే ఆ పరిహారం ఎంత ఉంటుందో ఊహించండి. ఒకే రాష్ట్రంలో అమ్మితే మీరు 14 రోజుల్లో ఆర్‌టీవోకి తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. డీలర్‌కి ఇస్తుంటే ఆయన ఆథరైజ్డ్ డీలరేనా అని చూసి, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఫారం 29సీ ద్వారా బండి అప్పగించినట్టు రవాణా శాఖ పోర్టల్‌లో నమోదు చేయించండి. ఇప్పటికే ఆలస్యమైతే ఈ వారమే ఆర్‌టీవోకి వెళ్లండి.

అమ్మినందుకు నేను 18 శాతం జీఎస్టీ కట్టాలా?

సొంతంగా వాడుకున్న బండిని మామూలు మనిషి అమ్మితే కట్టక్కర్లేదు. ఆ 18 శాతం జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికి, అదీ ఆయనకు మిగిలిన లాభం మీదే.

నో క్లెయిమ్ బోనస్ బండితో పాటే పోతుందా?

పోదు, అది మీది. కంపెనీ నుంచి సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్లలోపు మీ తర్వాతి బండికి వాడుకోవచ్చు. గరిష్ఠంగా 50 శాతం.

## పాత పెద్ద బండి కొంటున్నవాళ్లకి

ఢిల్లీ నుంచి తెచ్చిన డీజిల్ ఎస్‌యూవీ సగం రేటుకే ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

అక్కడి వయసు నిబంధన వల్ల చవకగా దొరికే మాట నిజం. మంచి బండ్లూ ఉంటాయి. కానీ ఎన్‌ఓసీ ఒడిశాలో మీ ఆర్‌టీవో పేరు మీదే ఉందా, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో కలుస్తున్నాయా అని చూడకుండా ఒక్క రూపాయి అడ్వాన్సు ఇవ్వకండి. మీటరు తిప్పడం ఈ బండ్లలో మామూలే. కంపెనీ సర్వీసు సెంటర్లో బండి నంబరు చెప్పి పాత సర్వీసుల కిలోమీటర్లు అడిగి చూడండి. ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కూడా కలుపుకుంటే ఆ సగం రేటు సగంగా మిగలదు.

వరదలో మునిగిన బండి అని ఎలా కనిపెట్టాలి?

2013 ఫైలిన్, 2018 తిత్లీ తుపాన్లు చూసిన ప్రాంతం మనది, ఈ జాగ్రత్త తప్పదు. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగండి, చివర మట్టి గీత ఉంటే అనుమానించాల్సిందే. సీట్ల కింద బోల్టులు తుప్పు పట్టాయా, స్టెప్నీ గుంటలో బురద ఎండిందా, కార్పెట్ ఎత్తితే ముక్కిపోయిన వాసన వస్తోందా చూడండి. లోపల కార్పెట్లు కొత్తగా మార్చి ఉంటే ఎందుకు మార్చారో అడగండి. ఎలక్ట్రానిక్స్ ఎక్కువున్న పెద్ద బండిలో నీళ్లు చేరితే ఏడాది తర్వాత కూడా ఒక్కొక్కటిగా చెడుతుంటాయి.

14 లక్షలకు పాత పెద్ద బండి దొరికింది. నెలకి ఎంత పెట్టుకోవాలి?

నెలకు 1000 కిలోమీటర్లు, లీటరుకు 10, డీజిల్ 95 రూపాయలు అనుకుంటే ఇంధనమే 9,500. నాలుగు టైర్ల సెట్టు 60,000 అనుకుని 40,000 కిలోమీటర్లకు మార్చితే నెలకు 1,500. ఇన్సూరెన్స్, సర్వీసు కలిపి ఏడాదికి 80,000 అనుకున్నా నెలకు 6,700 దాకా. అంటే లోన్ లేకుండానే 17,000 దాటింది. టర్బో, ఇంజెక్టర్లు, గేర్‌బాక్సులాంటి పెద్ద రిపేరు ఇందులో లేదు. కొన్న రోజునే ఒక లక్షన్నర విడిగా పక్కన పెట్టగలిగితే బండి తీసుకోండి. పెట్టలేకపోతే అదే 14 లక్షలకు ఒక మెట్టు చిన్న బండి, తక్కువ తిరిగినది చూసుకోండి.